తరుగు

ఎనుమాముల మార్కెట్ల నేను దడ్వాయిని.
పదకొండేండ్ల సంది కాంటా ముందర నిలవడి
బస్తా బస్తాకు అంకె అరిచినోన్ని.
నలభై రెండు. నలభై మూడున్నర.
తరుగు కిలో, రాయి ఓదేలూ.

మిర్చి సీజను నడిమధ్యల
సీకేఎం దవాఖానల స్వరూప కన్నది,
ఏడు వారాలు ముందుగాల్నే.
పిల్లను కాంటా మీద పండబెట్టిన్రు.
పదమూడు వందల నలభై.
అవి గ్రాములని తెలిసేసరికి
నాకు జరసేపు పట్టింది.

అంత మిర్చి బస్తాల్నుంచి కింద పడితే
చీపురుతోని పక్కకు ఊడుస్తం.
దాన్ని ఎవ్వరూ తూచరు.

బాక్సుల పెట్టిన్రు.
నీలం లైటు, కండ్లకు గుడ్డ,
ముక్కులకెళ్లి సన్నపు గొట్టం.
కాలికి కట్టిన చీటి మీద పేరు లేదు,
స్వరూప బిడ్డ అనే ఉన్నది.

మూడోనాడు కాంటా పన్నెండు వందల అరవై చూపెట్టింది.
ఎనభై యాడికి పోయినయంటే
ఎస్తేరు సిస్టరు తలెత్తకుంటనే చెప్పింది:
"మొదటి వారం ఏ పిల్లయినా తరుగుతది.
మళ్ల అందుకుంటది. మీదికి రాకు, జరుగు."

తరుగు.
నర్సంపేట దిక్కు ముసలామె మతికొచ్చింది.
అంకె మీదికెళ్లి చూపు తియ్యకుంట,
బస్తా అంచుకు ఒక్క వేలు ఆనిచ్చి
"గా కిలో యాడికి పోతది బిడ్డా" అనడిగింది మొన్న మాఘంల.
నేనేం చెప్పలే.
ఇంకో బస్తా ఎత్తుమన్న.

ఇప్పుడు అద్దానికి నా వేలు ఆనిచ్చి ఉన్నది.

స్వరూపకు కుట్లు మానలే, జ్వరం.
పిల్లకు ఒంటి వేడి కావాలె, నాయిన గుండె అయినా సరే అన్నరు.
చేతులు కడుక్కొని పోతే
సిస్టరు వాసన చూసి ఎనుకకు పంపింది.
కొబ్బరినూనె, మజ్జిగ, మళ్ల సబ్బు.
నాలుగోసారికి రానిచ్చింది.
అంగీ గుండీలిప్పి కూసున్న.
నా ఛాతీ మీద కప్పపిల్ల లెక్క పెట్టి
స్వరూప చీర ముక్కతోని కట్టింది.
"ఊపిరి తీసుకునుడు నడుమ నడుమ మరుస్తది.
అరికాలు మీద గోటితోని గీకు. యాదికొస్తది."

క్వింటాళ్లు లేపిన చెయ్యి ఇది.
రాత్రి రెండింటికి
సగం గవ్వంత అరికాలు మీద
ఒక్క గోరు ఆనియ్యనీకి వణికింది.
గీకిన.
అరసెకను. ఇంకో అరసెకను.
యాదికొచ్చింది.

పద్దెనిమిది వందలు దాటినాక ఇంటికి తెచ్చినం.
తొట్టెల వేసిననాడు హమాలీలు వచ్చి
"ఏం రకం మొగిలన్నా?" అని నవ్విన్రు.
తేజ అన్న.
సన్నగున్నా ఘాటుకు అదే గద.
ఆ పేరే నిలవడ్డది.

మిరుగు దాటినా నవ్వకపాయె.
మెడ నిలవకపాయె.
పక్కింటి రుక్కమ్మ కొడుకు, అదే నెల పుట్టినోడు,
గిలక్కాయ కోసం చెయ్యి చాపుతుండు.
మా అవ్వ దిష్టి తీసింది, తాయెత్తు కట్టింది.
స్వరూప రాత్రులు పాలిస్తనే ఏడ్చింది.

డాక్టరమ్మ పుట్టిన తారీఖు చూసి నవ్వింది.
"ఏడు వారాలు తరుగు తీసి లెక్కవెట్టుండ్రి.
అవి కడుపుల ఉండవలసిన దినాలు.
పిల్ల టైముకే ఉన్నది."

ఆ వారమే నవ్వింది.
నన్ను చూసి గాదు, ఫ్యాను చూసి.
అయినా నవ్వే.

కొత్తపత్తి మార్కెట్లకొచ్చిననాడు బోర్లవడ్డది.
ఒక చెయ్యి కింద ఇరుక్కొని,
ముక్కు బొంతకు ఆని, కోపంతోని.
అవ్వ బూరెలకు పప్పు నానబోసింది.
రుక్కమ్మ గడపల నిలవడి
ఎన్ని నెలలాయె అనడిగింది.
"ఏడు. తరుగు తీస్తే ఐదున్నర" అన్నది స్వరూప.
తియ్యకు అందామనుకున్న.
ఆ ఏడు వారాలు ఎంత బరువో
తూచినోన్ని నాకు తెలుసు.

అనలే.
నల్లా కాడికి పోయిన.
ఇది పత్తి సీజను, చేతులకు ఘాటేం లేదు.
అయినా సబ్బు రెండుసార్లు రాసిన.